గట్టి పాటయే గొప్ప పాటయా?

గాలిలో పుట్టిన నాదము గాలిలోనే కలిసిపోవుట లోకసహజము. ఎంతటి మహాగాయకుడు పాడినను, సభ ముగిసినతోడనే ఆ గానము విన్నవారి జ్ఞాపకమున తప్ప మరెక్కడను మిగిలెడిది కాదు. చిత్రమునకు గోడ కలదు. శిల్పమునకు శిల కలదు. కావ్యమునకు తాటియాకు కలదు. గానమునకు మాత్రము నిలుచుటకు చోటు లేక వేల సంవత్సరములు గడచెను. దాదాపు నూటయేబది సంవత్సరముల క్రిందట మానవుడు ఆ చోటును కల్పించెను. అటుపిమ్మట తరము తరమునకు ఆ విద్య వృద్ధిపొందుచు వచ్చెను. అయినను ఇరువదవ శతాబ్దము చివర ఒక వింత సంభవించెను. యంత్రములు మునుపెన్నడును లేనంత మెరుగుపడిన కాలముననే పెక్కు ముద్రిత గీతములు మునుపటికంటె నాసిగా వినబడసాగెను. ఇది ఎట్లు జరిగెను? దోషము యంత్రమునదా, దానిని వాడిన మనుష్యునిదా? ఈ సంగతిని విచారింతము.

1877వ సంవత్సరమున అమెరికా దేశమునందు థామస్ ఆల్వా ఎడిసన్ ఫోనోగ్రాఫు అను యంత్రమును నిర్మించెను. అందు గుండ్రముగా తిరుగు ఒక దిమ్మకు తగరపు రేకు చుట్టబడి యుండెను. పలుచని పొర యొకదాని యెదుట మాటలాడగా ఆ పొర కంపించెడిది. దానికి అతికిన సూది ఆ కంపనములను రేకుపై ఎత్తుపల్లములుగా గీసెడిది. మరల ఆ గీత వెంట సూదిని నడపగా పొర అదే తీరున కంపించి, మొదట పలికిన మాటనే తిరిగి పలికెడిది. పది సంవత్సరములకు, అనగా 1887లో, ఎమిల్ బెర్లినర్ అను నతడు దిమ్మకు బదులు చదునైన గుండ్రని పలకను వాడి గ్రామఫోనును రూపొందించెను. పలకకు అచ్చు తీసి, దానితో వేలకొలది ప్రతులను ఒత్తవచ్చును. ఒకరి గానము వేల యిండ్లకు చేరుటకు మార్గమేర్పడెను.

మన దేశమున గ్రామఫోను కంపెనీవారి తొలి ముద్రణములు 1902వ సంవత్సరము నవంబరులో కలకత్తా నగరమున జరిగెను. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నిపుణుడు వచ్చి, ప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ పాటలను ముద్రించెను. ఆమె పాట చివర తన పేరు తానే ఆంగ్లభాషలో చెప్పెడిది. ఆ పలకలు జర్మనీ దేశములోని హానోవర్ నగరమున తయారు కావలసియుండెను. అచ్చటి పనివారికి ఏ పాట ఎవరిదో తెలియుటకై ఈ యేర్పాటు. 1908లో కలకత్తాలోనే పలకలను ఒత్తు కర్మాగారము వెలసెను. పిమ్మట మన నాటకములలోని పద్యములు, ద్వారం వెంకటస్వామినాయుడుగారి వంటి విద్వాంసుల వాయులీన వాదనము పలకలపై కెక్కి, తెలుగువారి యిండ్లలో వినబడెను.

ఆ తొలి పలకలకు లోపములు పెక్కు కలవు. ముద్రణమున విద్యుచ్ఛక్తి లేదు. గాయకుడు పెద్ద బాకా మూతిలోనికి గొంతెత్తి పాడవలసి యుండెను. సన్నని సవ్వడులు పలకపై పడెడివి కావు. మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను వినగలదు. బాకాతో చేసిన ముద్రణము వానిలో సుమారు 250 మొదలు 2,500 వరకు గలవానిని మాత్రమే పట్టెడిది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల పలకపై పాట మూడు నిమిషములలో ముగియవలెను. సూది గీరుకొను చప్పుడు పాట పొడవునను వెన్నంటి యుండెడిది.

ఈ లోపములన్నియు క్రమముగా తొలగెను. 1925లో మైక్రోఫోను ద్వారా విద్యుత్తుతో ముద్రించు పద్ధతి వాడుకలోనికి వచ్చెను. గాయకుడు ఇక అరవ నక్కరలేదు. గుసగుస కూడ పలకపై కెక్కెను. 1948లో కొలంబియా కంపెనీవారు లాంగ్ ప్లే పలకను వెలువరించిరి. అది లక్కకు బదులు వినైల్ అను పదార్థముతో చేయబడి, ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా పాడెడిది. 1963లో ఫిలిప్స్ కంపెనీవారి క్యాసెట్టు వచ్చెను. 1982లో ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి రూపొందించిన కాంపాక్టు డిస్కు, అనగా మనము సి.డి. అని పిలుచునది, విపణికి వచ్చెను. దీనిలో సూది లేదు, గీరుకొనుట లేదు. ధ్వని తరంగపు ఎత్తును సెకనుకు 44,100 మారులు కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లు గల కొలబద్దపై ఒక అంకెగా వ్రాయుదురు. ఆ అంకెలను కాంతికిరణముతో చదివి మరల ధ్వనిగా మార్చుదురు.

సి.డి. ఘనతను గ్రహించుటకు ఒక విషయము తెలియవలెను. ధ్వని తీవ్రతను డెసిబెల్ అను మానముతో కొలుతురు. ప్రతి పది డెసిబెల్లులకు ధ్వనిశక్తి పదిరెట్లగును. ఇరువదికి నూరురెట్లు, ముప్పదికి వేయిరెట్లు. గుసగుస సుమారు 30 డెసిబెల్లులు. ఇద్దరు ముఖాముఖి మాటలాడుకొనుట సుమారు 60 డెసిబెల్లులు. ఒక ముద్రణసాధనము పట్టగల మిక్కిలి మెల్లని ధ్వనికిని, మిక్కిలి గట్టి ధ్వనికిని నడుమ గల దూరమును దాని వ్యాప్తి యనవచ్చును. మేలైన లాంగ్ ప్లే పలకకు ఈ వ్యాప్తి సుమారు 70 డెసిబెల్లులు. సి.డి.కి సుమారు 96. అనగా ఆకు కదలిక వంటి సవ్వడిని, డోలు దెబ్బను, రెంటిని ఒకే ముద్రణమున చెడకుండ ఉంచుటకు అందు చోటు కలదు.

ఈ వ్యాప్తి సంగీతమునకు ప్రాణము వంటిది. వీణ తీగ మీటినపుడు నాదము ఒక్కమారు పైకి లేచి, పిమ్మట మెల్లమెల్లగా సన్నగిల్లి, తంబుర శ్రుతిలో కలిసిపోవును. ఆ సన్నగిల్లుట యందే గమకము పలుకును. మృదంగమున వేలితో తాకిన సవ్వడికిని, అరచేతితో కొట్టిన దెబ్బకును గల భేదము వలననే లయ మనకు స్పష్టమగును. గాయకుడు ఒక పల్లవిని మొదట మెల్లగా ఎత్తుకొని, తారస్థాయికి పోవునపుడు గొంతు విప్పును. మెల్లదనము ముందుండుట చేతనే ఆ గట్టిదనము హృదయమును కదలించును. పాఠము చెప్పు ఉపాధ్యాయుడు కూడ ముఖ్యమైన మాట వద్ద ఒక క్షణము ఆగును. లేదా గొంతు తగ్గించును. అపుడే తరగతి అంతయు చెవియొగ్గి వినును. గంటసేపు ఒకే గొంతుతో అరచినచో చివరి మాట మొదటి మాటకంటె ముఖ్యమని ఎవరికిని తోచదు.

ఇక అసలు కథకు వత్తము. ముద్రణశాలలలో కంప్రెసర్ అను పరికరము కలదు. ధ్వని ఒక హద్దు దాటినప్పుడు దానిని కొంత అణచుట దీని పని. అణచిన పిమ్మట మొత్తమును పైకెత్తినచో మెల్లని ధ్వనులు పెద్దవగును. ఇది చెడ్డ పరికరము కాదు. గాయకుడు మైక్రోఫోనుకు దగ్గరగా జరిగినను, దూరముగా జరిగినను పాట నిలకడగా వినబడుటకు ఇది తోడ్పడును. కూరలో ఉప్పు వంటిది. తగినంత పడినచో రుచి, మించినచో విసము.

మించుటకు ఆశ పాతకాలమునుండియు కలదు. అమెరికా ఫలహారశాలలలో నాణెము వేసిన కోరిన పాట పాడు జ్యూక్‌బాక్సు అను పెట్టెలుండెడివి. ఆ పెట్టె ధ్వనిని యజమాని ఒక స్థాయిలో నిలిపి యుంచును. అట్టి పెట్టెలో కొంచెము గట్టిగా ముద్రితమైన పలక తక్కినవానికంటె జనుల దృష్టిని ఆకర్షించును. అందుచేత 1950, 1960 దశాబ్దములలోనే కంపెనీలు తమ పలక తక్కిన పలకలకంటె గట్టిగా నుండవలెనని పోటీపడెను. అయితే పలకయే ఆ పోటీకి హద్దు విధించెను. ధ్వని గట్టిదైనకొలది పలకపై గీత వెడల్పుగా మెలికలు తిరుగును. పాటకు చోటు తగ్గును. మరీ మించినచో సూది గాడి తప్పి ఎగిరిపడును. అందుచేత ఎంతటి ఆశాపరుడైనను ఒక చోట ఆగక తప్పలేదు.

సి.డి. వచ్చుటతో ఆ హద్దు తొలగెను. సూది లేదు కాన ఎగిరిపడుట లేదు. కాని సి.డి.కి వేరొక హద్దు కలదు. కొలబద్దలో చివరి మెట్టు దాటి అంకె వ్రాయుటకు వీలులేదు. అది ఇంటి పైకప్పు వంటిది. తొలినాళ్ళ నిపుణులు తలలు కప్పునకు తగులకుండునట్లు కొంత ఖాళీ విడిచి ముద్రించిరి. 1990 తరువాత పరిస్థితి మారెను. రాబోవు ధ్వనిశిఖరమును ముందుగానే కనిపెట్టి, దానిని కప్పునకు తగులకుండ అణచు అంకెల యంత్రములు వచ్చెను. వానిని లిమిటర్లందురు. వీని సాయమున పాటలోని ప్రతి క్షణమును కప్పునకు ఆనించి నింపుట సులభమయ్యెను.

ఈ పని ఎట్టిదో ఒక దృష్టాంతముతో చెప్పవచ్చును. ఒక తరగతి విద్యార్థులకు ఛాయాచిత్రము తీయుచున్నారనుకొందము. గది కప్పు తక్కువ ఎత్తున ఉన్నది. పిల్లలందరును ఎత్తుగా కనబడవలెనని ఒకరు పట్టుపట్టిరి. పొట్టివారిని పీటలపై నిలువబెట్టిరి. పొడుగువారిని తలలు వంచి నిలువుమనిరి. చిత్రములో అందరును కప్పును తాకుచు ఒకే ఎత్తున కనబడిరి. సరాసరి ఎత్తు పెరిగిన మాట నిజమే. కాని ఎవరు పొట్టి, ఎవరు పొడుగు అన్న సంగతి పోయెను. తలలు వంచినవారి ముఖములు చెడెను. పాటలోను ఇట్లే మెల్లని భాగములు పీటలెక్కును. డోలు దెబ్బల శిఖరములు తలలు వంచును.

మరియు శిఖరములను అణచుట చాలనపుడు నరికివేయుట కూడ జరిగెను. ధ్వని తరంగపు గుండ్రని శిఖరమును కత్తితో కోసినట్లు చదును చేసినచో, మూలమున లేని కర్కశధ్వనులు క్రొత్తగా పుట్టును. దీనిని క్లిప్పింగు అందురు. తిరునాళ్ళలో మైకు సామర్థ్యమునకు మించి పెంచినపుడు వినవచ్చు గరగర ఇట్టిదే. కంప్యూటరు తెరపై ఒక పాట తరంగరూపమును చూచినచో ఈ మార్పు కంటికే తెలియును. పాత ముద్రణము కొండలు, లోయలు గల ప్రదేశమువలె కనబడును. అతిగా అణచిన ముద్రణము ఇటుక గోడవలె చదునుగా ఉండును.

1990 దశాబ్దపు నడుమనుండి ఈ పోటీ తీవ్రమయ్యెను. పాశ్చాత్యులు దీనికి బిగ్గరతనపు యుద్ధమను అర్థమిచ్చు పేరు పెట్టిరి. 2008వ సంవత్సరము సెప్టెంబరులో జరిగిన ఒక సంఘటనతో ఇది సామాన్యులకును తెలియవచ్చెను. మెటాలికా అను ప్రసిద్ధ అమెరికా వాద్యబృందమువారు డెత్ మాగ్నెటిక్ అను గీతసంపుటిని వెలువరించిరి. అవే గీతములు గిటార్ హీరో అను కంప్యూటరు ఆటలో కూడ చేర్చబడెను. ఆటకై పంపిన ప్రతిలో ధ్వని అంతగా అణచబడలేదు. అభిమానులు రెంటిని పోల్చి వినిరి. డబ్బిచ్చి కొనిన సి.డి.లో డోలు మొద్దుబారి, శబ్దము గరగరలాడుచుండెను. ఆటవస్తువులోని ప్రతి శుభ్రముగా నుండెను. పదివేలకు పైగా జనులు ఆ సంపుటిని మరల సరిగా తయారుచేసి ఇమ్మని విజ్ఞాపనపత్రముపై చేవ్రాలు చేసిరి. శాస్త్రమెరుగని శ్రోతలు కూడ శ్రద్ధతో విన్నచో భేదమును గుర్తింపగలరని ఇది చాటెను.

ఇంత తెలిసిన నిపుణులు ఇట్టి పని ఏల చేసిరి? దీనికి కారణము మన చెవిలోనే కలదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులు ఫ్లెచర్, మన్సన్ అనువారు 1933లో ఒక పరిశోధనను ప్రకటించిరి. ధ్వని మెల్లగా ఉన్నపుడు మన చెవికి మంద్రస్వరములు, మిక్కిలి తారస్వరములు సరిగా అందవు. ధ్వని పెరిగినకొలది అవి కూడ నిండుగా వినబడునని వారు నిరూపించిరి. కావున ఒకే పాటను రెండు స్థాయిలలో వెంటవెంటనే వినిపించినచో, కొంచెము గట్టిగా ఉన్నదే మేలైనదని మనకు తోచును. అది భ్రమయే. స్థాయిలను సమము చేసినచో ఆ మేలు మాయమగును. కాని కంపెనీ కార్యాలయమున కూర్చుండి రెండు ముద్రణములను క్షణకాలము పోల్చిన అధికారికి ఈ విచారము లేదు. "ప్రక్కవారి పాట మన పాటకంటె గట్టిగా ఉన్నది, మనది తీసిపోరాదు" అన్నదే అతని చింత.

వారపు సంతలో ఒక వర్తకుడు కేక వేయును. అతని కేకలో తన కేక మునిగినదని రెండవవాడు ఇంకను గట్టిగా అరచును. మూడవవాడు వారిద్దరిని మించును. కొంతసేపటికి సంత అంతయు గోలయై, ఎవడు ఏమి అమ్ముచున్నాడో తెలియదు. అందరును ఒక్కమారు గొంతు తగ్గించినచో అందరికిని మేలే; కాని ముందుగా తగ్గించువాడు నష్టపోవుదునని భయపడును. సంగీత కంపెనీల స్థితి సరిగా ఇట్లే ఉండెను. ఆ శ్రమయైనను ఫలించినదా యన్న, అదియు లేదు. రేడియో కేంద్రములలో ప్రసారమునకు ముందు ధ్వనిని సమము చేయు యంత్రములు వేరుగా ఉండును. అవి గట్టి పాటను, మెల్లని పాటను ఒకే స్థాయికి తెచ్చును. ముందే నలిగిన పాట అచట ఇంకను నలుగును.

ఈ సందర్భమున ఎం.పి.3 సంగతి కూడ చెప్పవలెను. పెక్కుమంది ఈ రెండు విషయములను కలగలుపుదురు. కాని అవి వేరు. ఎం.పి.3 అనునది జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు ముఖ్యపాత్ర వహించి రూపొందించిన పద్ధతి. ఒక గట్టి ధ్వని ఉన్నపుడు దానికి చేరువనున్న సన్నని ధ్వని మన చెవికి వినబడదు. అట్టి వినబడని అంశములను విడిచివేసి, పాటను తక్కువ చోటులో ఇముడ్చుటయే దీని కిటుకు. సి.డి.లో సెకనుకు పదునాలుగు లక్షలకు పైగా బిట్లు కావలసిన పాటను 1,28,000 బిట్లలో ఇమిడ్చిరి. అనగా సుమారు పదునొకండవ వంతు. అంతగా కుదించునపుడు తాళముల మెరుపు, చప్పట్ల స్పష్టత కొంత చెడును. అయితే ఈ లోపము నేడు చాల వరకు తీరినది. కుదింపు తగ్గించిన ప్రతులు, ఏమియు విడువని ప్రతులు కూడ ఇపుడు అంతర్జాలము ద్వారా లభించుచున్నవి. ఆపిల్ మ్యూజిక్ వంటి సంస్థ 2021 నుండి అట్టివానిని అందించుచున్నది. కాని మూలముననే నలిపివేసిన పాటను ఎంత పెద్ద గిన్నెలో పోసి యిచ్చినను దాని రుచి తిరిగి రాదు.

బిగ్గరతనపు పోటీకి మందు కొలత రూపమున వచ్చెను. అంతవరకు ఎక్కువగా ధ్వని శిఖరములను కొలిచెడివారు. చెవికి మొత్తము మీద ఎంత గట్టిగా తోచునో కొలుచుటకు అంతర్జాతీయమైన కొలబద్ద లేదు. 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ అట్టి కొలబద్దను ఏర్పరచెను. 2010లో ఐరోపా ప్రసారసంస్థల సంఘము దానిని ఆధారము చేసికొని ప్రసారములకు ఒక నియమమును ప్రకటించెను. టెలివిజనులో వ్యాపారప్రకటనలు కార్యక్రమముకంటె బిగ్గరగా ఉండరాదని అమెరికా దేశమున 2010లో శాసనమే చేసిరి; 2012 డిసెంబరునుండి అది అమలులోనికి వచ్చెను.

పిమ్మట అంతర్జాలము ద్వారా పాటలు వినిపించు సంస్థలును ఇదే మార్గమును పట్టెను. స్పాటిఫై, యూట్యూబ్ మొదలగునవి ప్రతి పాట స్థాయిని ముందుగా కొలిచి, మిక్కిలి గట్టిగా ఉన్నవానిని తామే తగ్గించి వినిపించును. ఇపుడు అతిగా నింపిన పాటకు దక్కు బహుమానమేమి? అది కూడ తక్కినవానితో సమముగానే వినబడును. పైగా దాని శిఖరములు తెగిపోయి యున్నందున, ఖాళీ విడిచి ముద్రించిన పాట ప్రక్కన అది జీవము లేక చప్పగా తోచును. పోటీ పూర్తిగా ఆగినదని చెప్పజాలము. అలవాటు చేత నేటికిని గట్టిగా నలిపిన ముద్రణములు వచ్చుచున్నవి. కాని వెనుకటివలె గెలుచుటకు అది మార్గము కాదు.

పాతదంతయు మేలు, క్రొత్తదంతయు కీడు అని తలచుట కూడ పొరపాటే. బాకాలోనికి పాడిన పలకలో సగము సంగీతము పడనే లేదు. క్యాసెట్టులో బుసబుస వదలెడిది కాదు. నేడు శ్రద్ధగా ముద్రించిన ఒక వీణకచ్చేరి నాటి పలకలకు అందని స్వచ్ఛతతో వినబడును. అణచుట కొన్నిచోట్ల అవసరము కూడ. రైలులోనో, బస్సులోనో వినువానికి మెల్లని భాగములు ఇంజను మ్రోతలో మునిగిపోవును. అట్టి చోట ఎత్తుపల్లములు కొంత తగ్గుట ఉపకారమే. కొన్ని తరహాల సంగీతమునకు నిండైన హోరే అలంకారము. కాని ఒక్క బస్సు ప్రయాణమునకు తగినట్లు అన్ని పాటలను, అన్ని వేళలకు నలిపి యుంచుట న్యాయము కాదు. వినువాని పరికరమే కావలసినపుడు ఆ పని చేయగలదు. నలిగిన దానిని విప్పుట మాత్రము ఎవరి తరము కాదు.

విద్యార్థులారా! ఈ విషయమున మీ చెవులకును సంబంధము కలదు. అతిగా నింపిన పాటలో చెవికి విశ్రాంతినిచ్చు మెల్లని చోట్లుండవు. అట్టివానిని చెవులలో పెట్టుకొను పరికరములతో గంటల తరబడి పెద్దగా వినుట హానికరము. వినికిడి నిచ్చు సన్నని కణములు లోచెవిలో కలవు. అవి ఒకమారు నశించినచో మనుష్యులలో తిరిగి పుట్టవు. ప్రపంచ ఆరోగ్యసంస్థ వారి లెక్క ప్రకారము పెద్దవారు 80 డెసిబెల్లుల స్థాయిలో వారమునకు 40 గంటలు వినవచ్చును. 90 డెసిబెల్లులైనచో వారమునకు 4 గంటలు మాత్రమే. పిల్లలకు హద్దు ఇంతకంటెను తక్కువ. 75 డెసిబెల్లుల వద్ద 40 గంటలు. పది డెసిబెల్లుల పెరుగుదల కంటికి చిన్న అంకెయే. కాని చెవిపై పడు శక్తి పదిరెట్లని ముందే చెప్పుకొంటిమి కదా.

మీరు స్వయముగా ఒక పరీక్ష చేసి చూడవచ్చును. రాత్రి వీధి సద్దుమణగిన వేళ, ఏదైన ఒక వీణ కచ్చేరినిగాని, వేణువు కచ్చేరినిగాని మెల్లగా పెట్టి వినుడు. తీగ మీటిన క్షణమునుండి నాదము ఎంతసేపు నిలిచినదో, ఎక్కడ శ్రుతిలో కలిసినదో లెక్కింపుడు. పిమ్మట ఇటీవలి హోరు పాట ఒకదానిని అదే స్థాయిలో విని, అందు మెల్లని చోటు ఎక్కడ ఉన్నదో వెదకుడు. ఒక పాటలో ఏమున్నదో, ఒక పాటలో ఏమి లోపించినదో ఎవరును చెప్పకయే మీకు తెలియగలదు.

సి.డి. చేసినవారు 96 డెసిబెల్లుల విశాలమైన ఇంటిని కట్టి ఇచ్చిరి. దానిని వాడినవారు పైకప్పు క్రింది కొద్ది అంగుళములలో ఇరుకుకొని, తక్కిన ఇల్లంతయు పాడుపెట్టిరి. లోపము యంత్రమునది కాదు. ఇతరులకంటె గట్టిగా వినబడవలెనను ఆశయే దానికి మూలము. శ్రోతలు భేదమును గుర్తించి అడిగినందుననే, కొలత తెలిసినవారు కొలిచి చూపినందుననే కొంత దిద్దుబాటు జరిగినది. రేపు పాటలు కట్టువారును, ముద్రించువారును, వినువారును మీరే. మెల్లని ధ్వనికి కూడ చోటిచ్చు ముద్రణమును కోరి వినుడు. వినువారికి ఓర్పున్న చోట పాడువారికి అరవవలసిన పని ఉండదు.